మేపుల్ బ్యాట్ ముక్కలై ఎందుకు ఎగురుతుంది, లీగ్ ఏం చేసింది, మీరు కొనేటప్పుడు ఏం చూడాలి

మీరు అడిగినవి మూడు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లో మేపుల్ చెట్టు చెక్కతో చేసిన బ్యాట్ విరిగి, మొనదేలిన ముక్క మూడో బేస్ (పరుగు దారిలో మూడో మజిలీ) దాకా ఎగరడం చూశారు కాబట్టి మేపుల్‌ను ఎందుకు నిషేధించరు అన్నది మొదటిది. కాలేజీ జట్లలాగా అల్యూమినియం బ్యాట్లు ఎందుకు వాడరు అన్నది రెండోది. చెక్క బ్యాట్ల లీగ్‌లో చేరబోతున్న మీ పద్నాలుగేళ్ల అబ్బాయికి బ్యాట్ కొనేటప్పుడు ఏం చూడాలి అన్నది మూడోది. మొదటిదే అసలు విషయం, అందుకే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

బ్యాట్ రెండు రకాలుగా పోతుంది. పగులు వచ్చి, బ్యాటర్ చేతిలోనే ఒకే ముక్కగా మిగలడం ఒకటి. హ్యాండిల్ దగ్గర తెగి, బ్యారెల్ (బంతి తగిలే లావు వైపు) భాగం ఈటెలా ఎగిరిపోవడం రెండోది. మొదటి దానితో ఎవరికీ దెబ్బ తగలదు. భద్రత పేరుతో లీగ్ చేసిన పనంతా రెండో రకాన్ని తగ్గించడానికే. బ్యాట్లు అసలు విరగకుండా చూడటం దాని ఉద్దేశం కాదు, అది సాధ్యమూ కాదు.

ఎందుకు సాధ్యం కాదో చూడండి. మేజర్ లీగ్ రూల్ 3.02 ప్రకారం బ్యాట్ ఒకే ఘనమైన చెక్కతో ఉండాలి. పొడవు 42 అంగుళాలు, బ్యారెల్ లావు 2.61 అంగుళాలు దాటకూడదు. క్రికెట్ బ్యాట్‌లో విల్లో చెక్క బ్లేడు వేరు, అందులోకి దిగేసి అతికించిన కేన్ హ్యాండిల్ వేరు. కేన్ పొరల మధ్య రబ్బరు కూడా పెడతారు కాబట్టి అదురు చాలావరకు అక్కడే చస్తుంది. బేస్‌బాల్ బ్యాట్‌లో అలాంటి ఏర్పాటు లేదు. తరిమెన మీద చెక్కిన ఒకే కర్ర రెండున్నర అంగుళాల లావు నుంచి అంగుళం లోపుకు సన్నబడుతుంది. గుండ్రటి కర్ర వంగుడుకు తట్టుకునే బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే హ్యాండిల్‌ను ఒక అంగుళం నుంచి 0.9 అంగుళానికి తగ్గిస్తే బలంలో పావు వంతుకు పైగా పోయినట్టే. బ్యాటర్లకేమో సన్న హ్యాండిలే కావాలి, తిప్పడం సులువు కాబట్టి.

బంతి బరువు 5 నుంచి 5.25 ఔన్సులు, వేగం గంటకు 90 మైళ్ల పైమాటే. బ్యాట్‌కు తగిలి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, ఆ క్షణంలో బలం వేల పౌండ్లకు చేరుతుంది. బ్యారెల్ చివరి నుంచి సుమారు 5 నుంచి 7 అంగుళాల మధ్య, స్వీట్ స్పాట్‌లో తగిలితే హ్యాండిల్ పెద్దగా అదరదు. బంతి లోపలికి దూసుకొచ్చి హ్యాండిల్‌కు దగ్గరగా తగిలినా, మరీ కొసన తగిలినా కర్ర విల్లులా వంగుతుంది, సన్నగా ఉన్న చోట తెగుతుంది. పిచర్ (బంతి వేసేవాడు) మరియానో రివేరా వేసే కట్టర్, అంటే చివర్లో పక్కకు తిరిగే బంతి, ఎడమచేతి బ్యాటర్ల బ్యాట్లు విరగ్గొట్టడానికి ఎంత పేరుపడిందంటే, 2013లో ఆయన వీడ్కోలు సీజన్‌లో మిన్నెసోటా ట్విన్స్ వాళ్లు విరిగిన బ్యాట్లతో ఊగే కుర్చీ చేయించి ఇచ్చారు. మంచి బంతి వేస్తే మంచి బ్యాట్ కూడా విరుగుతుంది. విరిగాక ముక్క ఎగురుతుందా లేదా అన్నది మాత్రం చెక్కలోని నార తేలుస్తుంది.

నార అంటే చెట్టులో నిలువుగా సాగే పీచు పోగులు. అవి బ్యాట్ పొడవుకు సమాంతరంగా ఉంటే పగులు పొడుగునా సాగి ఆగుతుంది, ముక్కలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. నార ఏటవాలుగా ఉంటే పగులు దాని వెంబడే పోయి బ్యాట్ అంచు దాటి బయటపడుతుంది. లెక్క వేసి చూడండి: 20 అంగుళాల పొడవుకు ఒక అంగుళం పక్కకు జరిగే నార ఉంటే, అంగుళం మందం హ్యాండిల్‌ను అడ్డంగా దాటడానికి పగులుకు 20 అంగుళాల దారి కావాలి. అంత పొడవు హ్యాండిల్‌లో ఉండదు. 10కి ఒకటి అయితే 10 అంగుళాల్లో దాటేస్తుంది, 5కి ఒకటి అయితే 5 అంగుళాల్లోనే. మీరు చూసిన ఈటె మొన అలా పుట్టిందే.

బలం కూడా దానితోపాటే పడిపోతుంది. అమెరికా అటవీశాఖ ప్రయోగశాల పట్టికల్లో తిన్నని నార చెక్కకు అకస్మాత్తు దెబ్బను వంగుడులో తట్టుకునే బలం 100 అనుకుంటే, 20కి ఒకటి వాలు ఉన్నప్పుడు అది 90. 10కి ఒకటి అయితే 62. 5కి ఒకటి అయితే 36. 20కి ఒకటి అంటే సుమారు 3 డిగ్రీలు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, నియమం దీని మీదే నిలబడింది.

ఇక మేపుల్ సంగతి. ఒకప్పుడు మేజర్ లీగ్‌లో దాదాపు అందరూ వాడింది పెన్సిల్వేనియా, న్యూయార్క్ అడవుల వైట్ యాష్ చెట్టు చెక్క. 1990ల చివర్లో కెనడాలోని ఒట్టావాలో శామ్ హోల్మన్ మేపుల్ బ్యాట్లు మొదలుపెట్టాడు. 2001లో బ్యారీ బాండ్స్ వాటితోనే 73 హోమ్ రన్లు కొట్టేసరికి అందరి చూపూ అటు తిరిగింది. మేపుల్ గట్టిది, ఉపరితలం చితకదు, పొరలుగా ఊడదు. కానీ యాష్‌కు లేని ఒక చిక్కు దీనికుంది. యాష్‌లో వార్షిక వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, వసంతంలో పెరిగిన భాగంలో పెద్ద పెద్ద రంధ్రాలు గీతలు కడతాయి, కంటితోనే నార వాలు తెలిసిపోతుంది. మేపుల్‌లో రంధ్రాలు సన్నవి, చెక్క అంతటా సమంగా పరుచుకుని ఉంటాయి. పైకి కనిపించే వలయ గీతలు తిన్నగా ఉన్నా లోపలి నార మెలి తిరిగి ఉండవచ్చు. కొనేవాడు తిన్నని గీతలు చూసి మోసపోతాడు. తయారుచేసేవాళ్లూ ఏళ్లపాటు అలాగే మోసపోయారు.

2008 వసంతంలో వ్యవహారం ముదిరింది. ఏప్రిల్‌లో డాడ్జర్ స్టేడియంలో నేట్ మెక్లౌత్ బ్యాట్ ముక్క తన జట్టు పైరేట్స్ హిటింగ్ కోచ్ డాన్ లాంగ్ ముఖాన్ని కోసింది. అదే నెలలో అదే మైదానంలో టాడ్ హెల్టన్ బ్యాట్ బ్యారెల్ ఎగిరివచ్చి ఒక ప్రేక్షకురాలి దవడ విరిచింది. జూన్‌లో కాన్సస్ సిటీలో అంపైర్ బ్రయన్ ఓనోరాకు ముక్క తగిలి నెత్తురు కారింది. లీగ్ అప్పుడు మంచి పనే చేసింది. ఎవరి అభిప్రాయం మీదో నిషేధం ప్రకటించకుండా, జులై నుంచి సీజన్ చివరిదాకా విరిగిన ప్రతి బ్యాట్‌నూ సేకరించింది. మొత్తం 2,232 బ్యాట్లు. వాటిలో 756 రెండు లేదా అంతకంటే ఎక్కువ ముక్కలయ్యాయి, అంటే మూడింట ఒకటి. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉన్న అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల తరఫున డేవిడ్ క్రెచ్‌మన్ వాటి నారను కొలిచి, విరిగిన వీడియోలు చూశారు. యూమాస్ లోవెల్ విశ్వవిద్యాలయంలోని బేస్‌బాల్ పరిశోధన కేంద్రం, చెక్క నాణ్యత తనిఖీ చేసే టెకో సంస్థ, హార్వర్డ్ గణాంక నిపుణుడు కార్ల్ మోరిస్ ఇందులో పాలుపంచుకున్నారు.

మేపుల్ బ్యాట్ ముక్కలయ్యే అవకాశం యాష్ కంటే మూడు రెట్లని తేలింది. కానీ ముక్కలైన మేపుల్ బ్యాట్లలో ప్రధాన దోషం నార వాలు. తిన్నని నార ఉన్న మేపుల్ అంత అపాయకరంగా ప్రవర్తించలేదు. నిషేధం ఎందుకు లేదన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే: నేరం చేసింది వాలు, చెట్టు జాతి కాదు. నా మటుకు నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. పైగా యాష్‌కు తిరిగి వెళ్లే దారి కూడా మూసుకుపోతోంది. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అమెరికా యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపేసింది. పెద్ద కంపెనీలకే మంచి యాష్ దొరకడం గగనమైంది.

2009 సీజన్ నుంచి వచ్చిన మార్పుల్లో గట్టివి మూడు.

మొదటిది వాలు పరిమితి: హ్యాండిల్, సన్నబడే భాగంలో నార 3 డిగ్రీలకు మించి పక్కకు పోకూడదు. మేపుల్, బర్చ్ (బ్యాట్లకు వాడే మరో చెట్టు) బ్యాట్లకు దీన్ని కొలవడానికే ఇంకు చుక్క పెడతారు. వార్నిష్ వేయకముందు, హ్యాండిల్ మీద ఫేస్ గ్రెయిన్ వైపు పల్చటి ఇంకు ఒక చుక్క వేస్తారు. (ఫేస్ గ్రెయిన్ అంటే వలయాలు వెడల్పాటి వంపులుగా, గోపురాల్లా కనిపించే వైపు. దగ్గర దగ్గరగా సమాంతర గీతలు కనిపించే వైపు ఎడ్జ్ గ్రెయిన్.) ఇంకు చెక్కలోని సన్నని నాళాల వెంట పాకి చిన్న గీతలవుతుంది. ఆ గీతలకూ బ్యాట్ మధ్యరేఖకూ ఉన్న కోణమే అసలు నార కోణం. రెండు దిక్కుల వాలూ చూడాలి. రంపంతో కోసేటప్పుడు బెరడుకు సమాంతరంగా కోయకపోతే వచ్చే వాలు ఎడ్జ్ గ్రెయిన్ వైపు వలయ గీతల్లో కనిపిస్తుంది. చెట్టే మెలి తిరిగి పెరిగితే వచ్చే వాలు ఫేస్ గ్రెయిన్ వైపు ఇంకుకు మాత్రమే దొరుకుతుంది. అంతకుముందు చాలామంది చూసింది మొదటిదాన్నే. దుంగను రంపంతో కోయకుండా చీలిస్తే చీలిక నార వెంటే వెళ్తుంది కాబట్టి ఆ దుంగ ముక్కలు సహజంగానే తిన్నగా వస్తాయి, వృథా మాత్రం ఎక్కువ.

రెండోది లోగో దిశ. యాష్ బ్యాట్‌కు లోగో ఫేస్ గ్రెయిన్ మీద వేస్తారు. బ్యాటర్ లోగోను ఆకాశం వైపు పెట్టి కొడితే బంతి ఎడ్జ్ గ్రెయిన్‌కు తగులుతుంది. యాష్‌ను ఫేస్ గ్రెయిన్ మీద కొడితే వలయాల మధ్య పొరలు ఊడిపోతాయి కాబట్టి అది సరైన పద్ధతి. పాత అలవాటు కొద్దీ మేపుల్‌కూ అలాగే వేస్తూ వచ్చారు. పరీక్షల్లో మేపుల్ ఫేస్ గ్రెయిన్ మీద దెబ్బను మెరుగ్గా తట్టుకుంటుందని తేలింది. అందుకని మేపుల్ బ్యాట్ మీద లోగోను పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిప్పారు. బ్యాటర్ అలవాటు మారనక్కర్లేదు, లోగో పైకో కిందికో పెట్టి కొడితే చాలు, ఏ చెక్కకు ఏ వైపు మంచిదో ఆ వైపే తగులుతుంది. ఖర్చు లేని మార్పు, నన్నడిగితే వీటన్నిటిలో అందమైనది.

మూడోది జాడ పట్టే ఏర్పాటు: విరిగిన బ్యాట్ ఏ కంపెనీది, ఏ దుంగ వరసలోదో తెలిసేలా గుర్తులు, అనుకోని తనిఖీలు, తయారీదార్లకు చెక్క గ్రేడింగ్ శిక్షణ.

తర్వాతి రెండేళ్లలో మరో వైపు నుంచి బిగించారు, అది సాంద్రత. బ్యాటర్‌కు పెద్ద బ్యారెల్, తక్కువ బరువు రెండూ కావాలి. 33 అంగుళాల బ్యాట్ 30 ఔన్సులే తూగాలంటే తయారీదారు తేలికైన చెక్క వెతుక్కోవాలి. తేలిక మేపుల్ అంటే తక్కువ సాంద్రత, అంటే బలం తక్కువ. అందుకని షుగర్ మేపుల్‌కు కనీస సాంద్రత పెట్టారు, మెత్తని రకాలైన రెడ్ మేపుల్, సిల్వర్ మేపుల్‌కు దారి మూశారు, బ్యారెల్ గరిష్ఠ లావును 2.75 నుంచి 2.61 అంగుళాలకు తగ్గించారు. బ్యారెల్ తగ్గితే అదే బరువులో బరువైన చెక్క వాడుకోవచ్చు. కొందరు ఆటగాళ్లు సణిగారు, పాత వాళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చారు.

ఫలితం కనబడింది. ముక్కలయ్యే బ్యాట్ల సంఖ్య 2008తో పోలిస్తే కొన్నేళ్లలోనే సగానికి తగ్గింది. సున్నా కాలేదు. 2010 సెప్టెంబరు 19న మయామీలో కబ్స్ ఆటగాడు టైలర్ కాల్విన్ మూడో బేస్ నుంచి హోమ్ ప్లేట్‌కు (బ్యాటర్ కొట్టే చోటుకు) పరుగెడుతుండగా, సహచరుడు వెలింగ్టన్ కస్టీయో మేపుల్ బ్యాట్ ముక్క ఛాతీలో గుచ్చుకుంది. ఆసుపత్రిలో చేరాడు, ఆ సీజన్ అతనికి అక్కడితో ముగిసింది. చాలాముందు, 1976లో శాన్ డియాగోలో, ఆన్ డెక్ సర్కిల్‌లో (తర్వాతి బ్యాటర్ వంతు కోసం ఆగే చోట) నిలబడ్డ డాడ్జర్స్ క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) స్టీవ్ యేగర్ గొంతులో యాష్ బ్యాట్ ముక్కలు దిగాయి. ఈరోజు క్యాచర్ మాస్కు కింద వేలాడే గొంతు కవచం ఆ ప్రమాదం నుంచి పుట్టింది. యాష్ కాలమంతా సురక్షితం అనుకునే వాళ్లకు ఇది చెప్పాల్సి వస్తుంది.

ప్రేక్షకుల వైపు జాగ్రత్త బ్యాట్‌లో కంటే వలలోనే ఎక్కువ ఉంది. 2015 జూన్‌లో ఫెన్వే పార్క్‌లో బ్రెట్ లారీ బ్యాట్ ముక్క ఒక ప్రేక్షకురాలి తలకు తగిలి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ డిసెంబరులో లీగ్ హోమ్ ప్లేట్‌కు 70 అడుగుల లోపు, డగౌట్ల (జట్లు కూర్చునే చోట్ల) దగ్గరి అంచుల దాకా ఉన్న సీట్లకు వల పెట్టమని సిఫారసు చేసింది. 2018 సీజన్ మొదలయ్యేసరికి 30 జట్లూ డగౌట్ల అవతలి అంచుదాకా పొడిగించాయి. 2020కి ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. టికెట్ కొనేటప్పుడు సీటు వల వెనక ఉందో లేదో స్టేడియం మ్యాప్‌లో చూసుకోండి. కుడిచేతి బ్యాటర్ బ్యారెల్ ముక్క ఎక్కువగా మూడో బేస్, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) దిక్కుకే వెళ్తుంది.

అల్యూమినియం గురించి క్లుప్తంగా. అది విరగదు నిజమే, కానీ బోలు లోహం దెబ్బకు లోపలికి సాగి వెనక్కి తన్నుతుంది, బంతి ఇంకా వేగంగా బయటికి వస్తుంది. పిచర్ నిలబడే రబ్బరు పలక హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉంటుంది, బంతి వదిలాక ఇంకా దగ్గరికి వస్తాడు. మేజర్ లీగ్ బ్యాటర్ల చేతికి లోహం ఇస్తే పిచర్‌కు తల తిప్పే వ్యవధి కూడా మిగలదు. కాలేజీల్లో 2011 నుంచి బీబీకార్ ప్రమాణం పెట్టి లోహపు బ్యాట్ల తన్నుడును చెక్క స్థాయికి దించింది కూడా ఇందుకే. చెక్క ముక్క ప్రమాదం తప్పించడానికి అంతకంటే తరచుగా వచ్చే ప్రమాదాన్ని తెచ్చుకోవడం లెక్కకు రాదు.

ఇక మీ అబ్బాయి బ్యాట్. మేపుల్ అయితే హ్యాండిల్ మీద ఇంకు చుక్క ఉన్నదే కొనండి, చుక్క నుంచి పాకిన గీతలు బ్యాట్ పొడవుకు సమాంతరంగా ఉన్నాయా చూడండి. చుక్క లేకపోతే ఫేస్ గ్రెయిన్ వైపు వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. సన్నని చిన్న చిన్న ముదురు గీతలు కనిపిస్తాయి, అవీ నార దిక్కే సూచిస్తాయి. ముదురు రంగు వేసిన బ్యాట్లలో ఇవేవీ కనిపించవు కాబట్టి మొదటి బ్యాట్ రంగు లేనిదే మేలు. 31 అంగుళాలకు 28 ఔన్సుల కంటే తేలికైనది వద్దు. ‘మైనస్ 5’ (అంగుళాల పొడవు కంటే ఔన్సుల బరువు 5 తక్కువ) అని ఊరించే మేపుల్ బ్యాట్ అంటే తేలిక చెక్క అని అర్థం. 110 అనే మోడల్ చూడండి, దాని హ్యాండిల్ లావు, నేర్చుకునే వాడికి విరగడం తక్కువ. బర్చ్ కూడా మంచిదే, మేపుల్ కంటే కాస్త వంగుతుంది.

పిచింగ్ మెషీన్లలో వాడే గుంటల రబ్బరు బంతులతో చెక్క బ్యాట్ వాడనివ్వకండి. అవి తోలు బంతికన్నా గట్టిగా తన్నుతాయి, చాలా కంపెనీలు అలా విరిగితే వారంటీ ఇవ్వవు. కేజ్ (వల కట్టిన చోటు) ప్రాక్టీసుకు వెదురు పొరలు అతికించిన బ్యాట్ చవగ్గా మన్నుతుంది, మ్యాచ్‌లో మాత్రం లీగ్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే చెక్క అతిగా ఆరి పెళుసవుతుంది. ప్రతి ఆటకు ముందు బ్యారెల్ వైపు వదులుగా పట్టుకుని నాబ్‌ను (హ్యాండిల్ చివరి గుబ్బను) సిమెంటు నేల మీద నెమ్మదిగా తట్టమనండి. ఖంగుమంటే సరే, జీరగా, గరగరలాడితే లోపల పగులు ఉంది. టేపు చుట్టి ఇంకో మ్యాచ్ ఆడించడం పిల్లల లీగుల్లో చూస్తుంటాం. పగిలిన బ్యాట్ హ్యాండిల్ దగ్గర రంపంతో కోసి పారేయండి, లేకపోతే మరో పిల్లాడు సంచిలోంచి తీసుకుంటాడు. మీ వాడు తన వంతు కోసం ఆగేటప్పుడు కొట్టేవాడి వీపు వైపు ఉన్న సర్కిల్‌లో నిలబడనివ్వమని కోచ్‌ను అడగండి.

కొనబోయే బ్యాట్ మీద సందేహం ఉంటే రెండు ఫోటోలు పెట్టండి: ఒకటి ఇంకు చుక్క దగ్గరగా, ఇంకొకటి దానికి 90 డిగ్రీల వైపు, నాబ్ నుంచి 18 అంగుళాల దాకా. వెలుతురు పక్క నుంచి పడాలి, ఫ్లాష్ వేస్తే వార్నిష్ మెరుపు తప్ప ఏమీ కనబడదు.